తవ్వకాల పుస్తకాల్లో బొమ్మలు నావి

పాతకాలపు తవ్వకాల మీద వచ్చిన పుస్తకం చేతికిస్తే మనిషి ముందు ఏం చేస్తాడో నేను చాలాసార్లు చూశాను. ముందుమాట చదవడు. మధ్యలోకి తిప్పి బొమ్మల పేజీలు వెతుకుతాడు. విరిగిన కుండలు, రాతి గొడ్డళ్లు, ఇంటి పునాదులు, నల్లటి గీతలతో, సన్నటి చుక్కలతో వేసినవి. వాటిని కాసేపు చూసి అప్పుడు మొదటి పేజీకి వస్తాడు. ఆ నల్ల గీతలు గీసే ఉద్యోగం నాది. బళ్లారి చుట్టుపక్కల తవ్వకాలు జరిగినచోటల్లా డేరా కింద కూర్చుని, రిటైరయ్యేదాకా అదే పని చేశాను. కాగితాల్లో నా హోదా డ్రాఫ్ట్స్‌మన్. ఆడదాన్నయినా సరే, మ్యానే.

ఈమధ్య ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు సత్యనారాయణపేటలో మా ఇంటికి వచ్చారు. "ఇప్పుడు స్కానర్లు వచ్చినాయి గదా ఆంటీ, ఇంకా చేత్తో గీసేది ఎందుకు?" అని అడిగారు. ఆ రోజు కాఫీ ఇచ్చి పంపించాను గానీ సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్లు వదిలేస్తాను. ఏ ఆఫీసులోనైనా అవి ఒకే తీరు.

పెంకు, కుండ

మా నాయన బళ్లారి బజార్లో అంగళ్లకు బోర్డులు రాసేవాడు. పైన కన్నడం, కింద తెలుగు. కుంచె పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. డ్రాయింగ్ డిప్లొమా చేసి ఉద్యోగంలో చేరేటప్పటికే నా చెయ్యి మంచిదని నాకు బాగా తెలుసు. అదే ఇబ్బంది అయింది.

నా మొదటి అధికారి రాజశేఖరయ్య సారు. కన్నడం మనిషే అయినా మాతో బళ్లారి తెలుగులోనే మాట్లాడేవారు. చేరిన రోజే అరచేతిలో పట్టేంత కుండపెంకు ఇచ్చి గీయమన్నారు. నేను సాయంత్రం దాకా కూర్చుని నిండు కుండ గీశాను. మెడ, పొట్ట, అడుగు, పైన వెలుగు, కింద నీడ. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి చూశారు.

"శానా బాగుండాదమ్మా. మిగతా కుండ యాడుండాది?"

"ఊహించి గీసినాను సార్."

"నోడమ్మా, ఇట్ల చూడు, నీకు దొరికింది పెంకు. కుండ గాదు. రేపు ఎవరో ఈ బొమ్మ బుక్కులో చూసి, ఓహో, ఇట్లాంటి కుండ దొరికింది అనుకుంటారు. దొరకలేదు గదా? పెంకే గీయి."

ఆ కాగితాన్ని చించలేదు. మడిచి నాకే ఇచ్చారు. మర్నాటి నుంచి ఓపికగా పని నేర్పారు. పెంకు అంచు వంపును బట్టి కుండ మూతి ఎంత వెడల్పో లెక్క కట్టడం, గోడ మందం కొలవడం, రాతి పనిముట్టు మీద ఏ దెబ్బ ముందు పడిందో ఏది తర్వాత పడిందో చూడటం. ఏ దేశపు పుస్తకం తెరిచినా ఆ బొమ్మల్లో వెలుతురు ఎడమ పక్క పైనుంచే పడుతుందని కూడా ఆయనే చూపించారు. ఎక్కడెక్కడివాళ్లో, ఒకే దీపం కింద కూర్చుని గీసినట్టు ఉంటుంది.

ఆయన్ను దేవుణ్ణి చెయ్యను. కోపం ఎక్కువ. గాలికి డేరా గుడ్డ ఎగిరినా మా మీదే అరిచేవారు. పుస్తకం అచ్చయితే తవ్వినవాళ్ల పేర్లు ఉండేవి, గీసినవాళ్ల పేర్లు ఉండేవి కావు. అడిగితే "పద్ధతి లేదమ్మా" అనేవారు. ఆయన మీద నాకెంత గౌరవం ఉన్నా అది తప్పేనంటాను. మీరు మటుకు మొదటి మీటింగులోనే అడగండి, నా పేరు ఏ పేజీలో వస్తుంది అని. సిగ్గుపడొద్దు.

ఇంక స్కానర్ సంగతి. స్కానర్ మంచిదే, నేనేమీ దాని మీద పగబట్టలేదు. కానీ అది అన్నిటినీ ఒకే తీరుగా చూస్తుంది. గీసేటప్పుడు మనం ప్రతి అంచునూ వేలితో తడుముతాం. ఒకసారి ఒక కుండ మెడ లోపల తడుముతుంటే నా వేలు చిన్న చిన్న గుంతల్లో దిగింది. మెడను పొట్టకు అతికించేటప్పుడు చేసినవాళ్లు లోపల్నుంచి అదిమిన గుర్తులవి. బయటికి కనపడవు. పుస్తకంలో ఆ గుంతలు వేశాను. గీసేవాడు చూసింది చదివేవాడికి చూపించడం, అంతే మన పని.

బస్సుకు చూస్తున్న మనుషులు

మా ఆయనది కుడతిని థర్మల్‌లో ఉద్యోగం, బొగ్గు కాల్చి కరెంటు తీసేచోట. ఆ పక్కనే వేల ఏళ్ల కిందట పశువుల పేడ కాల్చి కాల్చి పోగైన బూడిద దిబ్బ ఉంది. దాన్ని గీయడానికి నేనూ అటే పోయేదాన్ని. "మొగుడూ పెళ్లాం ఇద్దరిదీ బూడిద ఉద్యోగమే" అని మా అత్త నవ్వేది.

ఆ దిబ్బల కాలం మనుషుల మీద పిల్లలకోసం ఒక పుస్తకం వేస్తామని ఒక ఎడిటర్ వచ్చాడు. ఒళ్లంతా జుట్టు, నోరు తెరుచుకుని, చేతిలో దుడ్డుకర్ర, అట్లా గీయమన్నాడు. నేను ఉలవలు నూరుతున్న ఆడమనిషిని గీశాను. ఆవుల్ని తోలుకొస్తున్న మొగమనిషిని గీశాను. తవ్వకంలో దొరికినవి ఉలవలు, నూరుడు రాళ్లు, ఆవుల ఎముకలే కదా మరి.

బొమ్మలు చూసి ఎడిటర్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఏంది మేడం, హగరి రోడ్డు మీద నిలబడి బస్సుకు చూస్తాండారే వీళ్లు? వింతగా ఉండద్దా?"

"ఈ ఊరోళ్లే గదప్పా," అన్నాను.

మళ్లీ గీయించే టైము లేక అవే వేశాడు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పాతకాలం మనిషిని వింత జంతువులాగా చూపించే పుస్తకాలు బాగా అమ్ముడుపోతాయి. కానీ అవి చదివిన పిల్లవాడికి ఆ మనిషి ఎప్పటికీ ఏమీ కాడు. 

కాలువ కింద పొలం

నా ఉద్యోగంలో చివరి తవ్వకం గురించి కొంచెం నిదానంగా చెబుతాను.

హగరి ఏరు దాటి కొంత దూరం పోతే కాలువ కింద వరి పొలాలు వస్తాయి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులు అవి. ఒక క్యాంపులో రమణమ్మగారి ఇల్లు. వాళ్ల మెరక చేనును చదును చేయిస్తుంటే ట్రాక్టర్ బ్లేడుకు కుండ మూతులు తగిలాయి. రమణమ్మగారి భర్త వెంటనే పని ఆపించి మాకు కబురు చేశారు. అందరూ అట్లా చెయ్యరు. మట్టి కప్పేసి ఊరుకునేవాళ్లే ఎక్కువ. కాలువకు నీళ్లు వదిలేలోగా తవ్వకం ముగించి చేను అప్పగించాలని ఒప్పందం.

అప్పటికి రాజశేఖరయ్య సారు లేరు. తవ్వకం పెద్ద మంజునాథ్. నా కొడుకు వయసువాడు, చదువూ ఉంది, చేతులకు మట్టి పూసుకునే బుద్ధీ ఉంది. మన వైపు పాతకాలపు ఊళ్ల మీద మామూలు జనం చదివే పుస్తకం రాస్తున్నాడు. పుస్తకం దాదాపు పూర్తయింది. "చూసినోళ్లు మరచిపోలేని బొమ్మ ఒక్కటి కావాల మేడం" అని రోజూ అనేవాడు.

మాకు మజ్జిగ తెచ్చేది రమణమ్మగారి కోడలు సుజాత. మేం మట్టి జల్లెడ పడుతుంటే "మా వడ్లు జల్లించినట్టే ఉందండీ" అని నవ్వేది. పని లేకపోతే వచ్చి నా పక్కన కూర్చుని గీత చూసేది. ఎక్కువ మాట్లాడేది కాదు.

ఒక పొద్దున అలికిన ఇంటి నేల ఒకటి బయటపడింది. దాని మీద పొయ్యి, పొయ్యికి అవతల గోడ వార, నేలలో పాతిపెట్టిన బూడిదరంగు కుండ. మూతిమీద ఒక చిప్ప బోర్లించి ఉంది. చిప్ప తీసి, లోపల నిండిన మట్టిని మంజునాథ్ కుంచెతో కొంచెం కొంచెంగా తీశాడు. పిచ్చుక ఎముకలంత సన్నవి కనపడ్డాయి. తర్వాత గుడ్డు పెంకుల్లాగా పలచటి తల ఎముకలు.

పసిబిడ్డ. ఆ కాలంలో పసిపిల్లలు పోతే కుండలో పెట్టి ఇంటి నేల కిందే పాతేవాళ్లని మాకు తెలుసు.  మంజునాథ్ కుంచె కింద పెట్టి నా వైపు తిరిగాడు. 

"మేడం, ఇదే. ఇదే మన కవర్ ఫొటో."

నేను తలెత్తేటప్పటికి సుజాత ట్రెంచి, అదే మేం తవ్విన గొయ్యి, అంచున మజ్జిగ బిందెతో నిలబడి ఉంది. బిందె కింద పెట్టింది. గట్ల మీదుగా ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు మజ్జిగ కూలామె తెచ్చింది.

ఆ మధ్యాహ్నం రమణమ్మగారు మోటారు షెడ్డుకు వచ్చారు. అక్కడే నేను ఆ కుండను, ఎముకలు ఉన్నవి ఉన్నట్టు కదలకుండా, ముందు పెట్టుకుని గీస్తున్నాను. ఆమె కుండ వైపు చూడలేదు.

"నాగరత్నగారూ, ఆ బిడ్డ ఫొటో పుస్తకంలో వెయ్యొద్దని ఆ అబ్బాయికి మీరైనా చెప్పండి. పోయినేడు మా కోడలికి కాన్పులో పాప దక్కలేదండి. ఈమధ్యే నాలుగు ముద్దలు తింటోంది. నిన్నట్నుంచి మళ్లీ గదిలోనే. మావారు అంటున్నారు, ఫొటో వేస్తామంటే ఈ గొయ్యి ఇప్పుడే పూడ్పించేస్తానని."

సాయంత్రం మంజునాథ్‌కు చెప్పాను. అతను తల పట్టుకున్నాడు.

"అయ్యో, పాపం మేడం. నాకు తెలీదు. ఐతే ఈ బిడ్డ ఎప్పుడో వేలేండ్ల కింద పోయింది గదా. దీన్ని దాచిపెడితే మనం ఏం పుస్తకం రాసినట్ల?"

ఇద్దరి మాటలోనూ నాకు తప్పు కనపడలేదు.  పని ఆగిపోయింది. కూలీలు నీడన కూర్చున్నారు. నీళ్లు వదిలే రోజు దగ్గర పడుతోంది. వదిలితే ఆ ఇల్లు, పొయ్యి, ఇంకా తవ్వని గదులు అన్నీ నాట్ల కిందికి పోతాయి.

ఆ మర్నాడు భోజనాల తర్వాత సుజాతే షెడ్డుకు వచ్చింది.

"అక్కా, ఒకసారి చూడొచ్చా?"

వద్దనాలా రమ్మనాలా తెలియక గోనెసంచి జరిపి చోటిచ్చాను. కూర్చుంది. చాలాసేపు చూసింది.

"ఇది ఇంటి బయట దొరికిందా, లోపలా?"

"లోపలే. పొయ్యికి ఆ పక్క, గోడ వార. నేల తవ్వి పెట్టి మళ్లీ అలికినారు."

"అంటే ఆవిడ రోజూ వంట చేసుకుంటా దీని పక్కనే ఉందా?"

"ఉండే ఉంటాది."

"చిప్ప ఎందుకు బోర్లించారు?"

"మూత ఉండాదనే మనకు తెలిసేది. ఎందుకనేది ఆ తల్లికే తెలుసు సుజాతా."

"మీద మట్టి పడకూడదని," అంది. అడుగుతున్నట్టు కాదు, చెబుతున్నట్టు. కుండ వైపే చూస్తూ అంది. "మా పాపని ఎక్కడ పెట్టారో నాకు తెలీదక్కా. నేను ఆస్పత్రిలోనే ఉన్నాను. వచ్చాక అడిగితే, ఎందుకమ్మా ఇప్పుడవన్నీ అన్నారు. మళ్లీ అడగలేదు. కాలువ గట్టు దగ్గరేనని మాత్రం తెలుసు. ఆ గట్టు మీద ఎటు నడిచినా ఇక్కడేనేమో అనిపిస్తుంది. కాలు వెయ్యాలంటే భయం."

నాకు గీయడం తప్ప వేరే విద్య రాదు.  నాకు తెలిసిన సంగతి మాత్రం చెప్పాను. "నువ్వు బాధపడతావనే మీ అత్తగారు ఫొటో వద్దంటాండారు."

సుజాత నా వైపు తిరిగింది. "నన్నెవరూ అడగలేదే?"

నిజమే. అత్త, మామ, మంజునాథ్, నేను, అందరం ఆ పిల్ల మనసు గురించే వాదించుకుంటున్నాం. ఆ పిల్లను అడిగినవాళ్లు లేరు.

"నేనిప్పుడు అడుగుతాండా. నువ్వేమంటావు?"

"వెయ్యండక్కా. దాచొద్దు. కానీ ఊరికే ఎముకలు దొరికాయని వెయ్యకండి. ఎంత జాగ్రత్తగా పడుకోబెట్టిందో అది కనపడాలి. మీకొచ్చు కదా."

రెండు ఇళ్లు

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. సుజాత మాట రమణమ్మగారికి చెప్పాను. ఫొటో సంగతి కాదు, గట్టు సంగతి. ఆమె చేతిలోని చేట కింద పెట్టేశారు.

"చూపిస్తే తట్టుకోలేదనుకున్నానండి. నాకూ మొదటి కాన్పు దక్కలేదు. మా అత్తగారు నాకు చూపించలేదు. చూపించకపోవడమే మంచిదని నేననుకున్నాను." కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఇప్పటికీ నాకు తెలీదు, ఎక్కడో."

 వచ్చేశాను. మర్నాడు పొద్దున షెడ్డులోంచి చూస్తే గట్టు మీద అత్తాకోడళ్లు నడుస్తున్నారు. రమణమ్మగారు ముందు, చెయ్యి వెనక్కి చాచి కోడలి చెయ్యి పట్టుకుని. తూము దగ్గర ఆగారు. నేను తల దించుకుని నా పని చేసుకున్నాను. అట్లాంటివి చూడకూడదు.

బొమ్మ పూర్తయ్యాక మంజునాథ్‌కు ఇచ్చాను. పైనుంచి చూసినట్టు వేశాను. ఫొటోలో మట్టీ ఎముకలూ ఒకే రంగులో కలిసిపోయాయి. గీతలో మటుకు ఒక్కొక్క ఎముకా తన చోటు చెప్పింది. బిడ్డ ఒక పక్కకు ఒత్తిగిలి ఉంది. మోకాళ్లు పొట్టకు ముడుచుకుని, తల పొయ్యి వైపు. మంజునాథ్ ఆ కాగితంలో తల ఉన్నచోట వేలు పెట్టాడు. 

"వెచ్చగా ఉండాలని పెట్టినారా మేడం?"

"అది రాయొద్దప్పా. మనకు తెలీదు."

"రాయను," అన్నాడు. "ఐతే అనుకుంటాను."

కవర్ ఆలోచన అతనే మానుకున్నాడు. సుజాత ఏమందో రమణమ్మగారి భర్తకు స్వయంగా వెళ్లి చెప్పి, బొమ్మ చూపించి వచ్చాడు. ఆయన చూసి, "ఇట్లాగైతే వేసుకోండి" అన్నారు. పని మళ్లీ మొదలైంది. ఎముకలు ల్యాబుకు పంపే రోజు రమణమ్మగారు బంతిపూలు తెచ్చారు. "కుండలో బేడమ్మా, వద్దు, పరీక్షలు చేయాల" అని మంజునాథ్ బతిమాలితే ట్రెంచి అంచున పెట్టి దణ్ణం పెట్టుకున్నారు.

తర్వాతి ఏడాది పుస్తకం వచ్చింది, కన్నడంలోనూ తెలుగులోనూ. ఫొటో, పరిశోధకులు చదివే రిపోర్టులోకి పోయింది. మామూలు పుస్తకంలో నా బొమ్మ ఉంది. దాని కింద మంజునాథ్ మొదట "శిశు ఖననం" అని రాశాడు. ఫైనల్ ప్రూఫులో కొట్టేసి "ఇంటి లోపల, పొయ్యి పక్కన పడుకోబెట్టిన బిడ్డ" అని మార్చాడు. శాస్త్రానికి ఏ లోటూ రాలేదు. బొమ్మలు గీసినవారు అని నా పేరు కూడా ఉంది. మొట్టమొదటిసారి.

మీకు చెప్పదలచిందల్లా ఇదే. మీ చేతికి వచ్చే ప్రతి పెంకుకూ ఎవరో ఒకరు ఇప్పుడు కూడా చుట్టం అయ్యుంటారు. వాళ్ల తరఫున మీరు మాట్లాడకండి. వాళ్లనే అడగండి. అడిగితే వద్దంటారేమోనన్న భయంతో చాలామంది అడగరు. నా అనుభవంలో వద్దన్నవాళ్లు తక్కువే.

తవ్వకం ముగిసిన రోజు మాట ఒకటి మిగిలింది. ట్రెంచి పూడ్చేశారు. సామాను జీపులో పెడుతున్నాం. సుజాత, వెనకే రమణమ్మగారు వచ్చారు.

"అక్కా, మీ కొలతల టేపు లోపల పెట్టేశారా?"

"ఎందుకు?"

"గట్టుకు ఏటా మట్టి పోస్తారు. తూము కూడా మారుస్తారంటున్నారు. తర్వాత పాప చోటు గుర్తుపట్టలేనేమోనని. మీరు ఈ ఇల్లు గీసినట్టు అది కూడా గీసిస్తారా?"

టేపు తీశాను. ఒక్క మనిషితో అయ్యే పని కాదు. మంజునాథ్‌ను పిలిస్తే చెప్పులు గట్టు కిందే విడిచి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. వాళ్లింటి మూల నుంచి, మోటారు షెడ్డు నుంచి, బాట మలుపు నుంచి కొలిచాం. గట్టు మీదే కూర్చుని గ్రాఫు కాగితం మీద గీశాను. ఇల్లు, కాలువ, బాట, ఉత్తరం ఎటో చూపే బాణం గుర్తు, ఆ చోట చిన్న సున్నా. మా ప్లానుల్లో ప్రతిదానికీ నంబరు ఉంటుంది. అక్కడ నంబరు రాయబుద్ధి కాలేదు.

"ఈడ ఏం రాయమంటావు సుజాతా?"

సుజాత అత్త వైపు చూసింది. బిడ్డకు బారసాల జరగలేదు, పేరు లేదు. రమణమ్మగారు కాగితం దగ్గరికి వచ్చి కూర్చున్నారు. 

"హారిక అనుకున్నాం కదమ్మా, ఆడపిల్ల అయితే."

పాప పోయాక ఆ ఇంట్లోవాళ్లు ఆ పేరు పైకి పలకడం అదే మొదటిసారట. నేను ఇంకుతో నిదానంగా రాశాను. అచ్చులోకి పోయే బొమ్మకు కూడా అంత నిదానంగా రాసి ఉండను. హ పక్కన దీర్ఘం సరిగ్గా పడిందా లేదా అని అత్తాకోడళ్లిద్దరూ తలలు ఆనించి కాగితం మీదికి వంగి చూశారు.